బెల్లం గది

విశాఖపట్నం మీద బాంబులు పడిన మూడోనాటి పొద్దున్న మేము అనకాపల్లి చేరాం. రెండు ఎడ్లబళ్ళనిండా సామాను, ఆ సామాను మీద ముగ్గురు ఆడవాళ్ళం. మా అత్త నూకరత్నం, తోటికోడలు గంగాభవాని, నేను. నా పేరు అప్పలకొండమ్మ. ఇంట్లో కొండ అనేవారు. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు.

మా బావ త్రినాధరావు, గంగాభవాని భర్త, హార్బరులో ఫిట్టరు. ఆ పనిలో ఉన్నవాళ్ళు ఊరు వదలడానికి వీల్లేదన్నారు. బళ్ళు మాట్లాడి, మమ్మల్ని ఎక్కించి, ఆదివారాలు వస్తానని చెప్పి ఆయన ఉండిపోయాడు. మా ఆయన సన్యాసిరావు నాలుగేళ్ళ కిందటే రంగూన్ వెళ్ళాడు. అక్కడ బియ్యం మిల్లులో కాటా దగ్గర పని. పెళ్ళయిన ఏడాదికి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు, ఉత్తరాలు వచ్చేవి. పుష్యమాసంలో వచ్చిన ఆఖరి ఉత్తరంలో, స్టీమరు టిక్కెట్టు దొరకగానే బయల్దేరతానని రాశాడు. ఆ తరవాత రంగూన్ జపాను వాళ్ళ చేతికి పోయిందని విన్నాం.

అనకాపల్లిలో ఇల్లు దొరకడం గగనమైంది. పట్నం సగం ఖాళీ అయి చుట్టుపక్కల ఊళ్ళమీద పడింది. చివరికి గవరపాలెంలో మరిడమ్మ అనే ముసలావిడ తన పెంకుటింటి పక్కనున్న బెల్లం కొట్టు అద్దెకిచ్చింది. ఆవిడ భర్త బెల్లం వ్యాపారం చేసినన్నాళ్ళూ దిమ్మలు నిలవ వేసిన గది అది. కిటికీ లేదు. ముందు చిన్న వసారా. గోడలు మోకాలెత్తు వరకూ నల్లబడి ఉన్నాయి. తలుపు తియ్యగానే తియ్యటి మురుగువాసన కొట్టింది.

"సీమలుంటాయి వదినా," అని మరిడమ్మ మా అత్తతో ముందే చెప్పింది. "వానలు పడ్డాక గచ్చు సెమరుత్తాది. ఇరవయ్యేళ్ళు బెల్లం కూకున్న సోటు. నాను దాసి సెప్పడం నేదు."

మూడు గదుల ఇంటి సామాను ఆ ఒక్క గదిలో పట్టాలి. సామాను సర్దడమంటే నాకు చిన్నప్పటినుంచీ సరదా. పుట్టింట్లో ఏ గిన్నె కావాలన్నా నన్నే అడిగేవారు. గదిని జానలతో కొలుచుకున్నాను. దూలాలకి వెదుళ్ళు కట్టించి అటక చేయించాను. ఇత్తడి గంగాళాలు, పెద్ద బిందెలు అటకెక్కాయి. పచ్చడి జాడీలు ఉట్లమీదికి, బట్టలు దండెం మీదికి. భోషాణం ఎడమ గోడకి జరిపించి ఇటికల మీద నిలబెట్టాను. దానిలో బియ్యం, పప్పులు, మీద అత్త పడక. ట్రంకుపెట్టెలు ఒకదానిమీద ఒకటి. తిరగలి, రోలు వసారాలో. మూడురోజులు పట్టింది. అన్నీ అయ్యాక చూస్తే మేమిద్దరం కింద పడుకోవడానికి నాలుగు మూరల జాగా మిగిలింది.

కుడిమూల ఇంకా ఖాళీగా ఉన్నప్పటి లెక్క అది. ఆ మూలకి మా ఆయన పట్టెమంచం వేయించింది అత్త. మంచం కింద ఆయన చెక్కపెట్టె. మంచంమీద చుట్టిన పరుపు. దానిమీద ఏదీ పెట్టకూడదు, ఎవరూ పడుకోకూడదు.

"మంచం విప్పి గోడకి ఆనిద్దామత్తా," అంది గంగాభవాని. ఆవిడకి అయిదో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. పురుడు పోయడానికి పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు కాబట్టి ఈ గదిలోనే జరగాలి. "ఆయనొచ్చినప్పుడు మళ్ళీ బిగించుకోవచ్చును గదా."

"వచ్చిన రోజు మడిసి నేలమీద పడుకోవాలేటి?" అంది అత్త. "బరమా నుంచి వత్తాడే. పక్కూరి నుంచి కాదు."

గంగాభవాని నావైపు చూసింది.  ఏడాది కాపరంలో చూసిన ఆయన ముఖం నాకు సగమే గుర్తుంది. మంచంకోళ్ళ కింద కొబ్బరిచిప్పలు పెట్టి, చీమలు ఎక్కకుండా వాటిలో నీళ్ళు పోశాను. ఎండలకి చిప్పలు పూటకోసారి ఎండిపోయేవి. పూటకోసారి పోసేదాన్ని. ఆ వేసవంతా ఆయనకి నేను చేసిన సేవ అదే.

చైత్రం వెళ్ళాక బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ళు రైళ్ళలో దిగడం మొదలయింది. స్టేషను బయట ఎవరో పుణ్యాత్ములు గంజి పోసేవారు. అత్త, నేను రోజూ మధ్యాహ్నం బండికి వెళ్ళేవాళ్ళం. దిగినవాళ్ళు నడిచే పద్ధతి చూసి పోల్చుకోవచ్చు. అరికాలు పూర్తిగా ఆనించకుండా నడిచేవారు. అత్త ఒక్కొక్కరి ముందూ నిలబడి, "రంగూన్లో బియ్యం మిల్లులో సన్నేసని, పొడుగ్గా ఉంటాడు, ఎరుగుదువా నాయనా?" అని అడిగేది. కొందరు తల అడ్డంగా ఊపేవారు. కొందరికి ఆ మాట వినబడినట్టే ఉండేది కాదు. తిరిగొచ్చేటప్పుడు అత్త దారిపొడుగునా, "అందరూ ఒక్కసారే వత్తారేటి? ఒకడి ఎనకాల ఒకడు," అంటూ నడిచేది.

మృగశిర కార్తె చినుకు పడిన నాలుగోరోజున, మేము స్టేషనుకి బయల్దేరుతుండగా ఒకతను మా వసారా ముందు ఆగాడు. ఎముకల గూడులా ఉన్నాడు. భుజంమీద పిల్లని ఎత్తుకున్నాడు. మూడేళ్ళుంటాయేమో. తల గొరిగి ఉంది, కళ్ళు చిన్నవి, బుగ్గలు వెడల్పు. మెడలో తాడుకి కట్టిన సత్తుగ్లాసు వేలాడుతోంది.

"సన్నేసి వాళ్ళమ్మ ఉన్నాదా?" అన్నాడు.

అత్త వసారా స్తంభం పట్టుకుంది. "నాను."

అతని పేరు రాములు, పాయకరావుపేట వాడు. మా ఆయనతో ఒకే మిల్లులో, ఒకే కాటా దగ్గర పని చేశాడు. పట్నంలో మా పాత ఇంటికి వెళితే పక్కవాళ్ళు ఈ చిరునామా చెప్పారట. పిల్లని దింపాడు. అది అతని పంచె అంచు గుప్పెట్లో పట్టుకుని నిలబడింది. నేను మంచినీళ్ళు తెచ్చాను. తాగలేదు. చెప్పడం అయ్యాక తాగుతానన్నాడు.

"మాగమాసంలో బయల్దేరేం పెద్దమ్మా. స్టీమరు నేదు, బండి నేదు. జనంతోటి పాటు మేమూనూ. అందరం పెట్టెలు మోసేం, మూటలు మోసేం. ఆడు మాత్రం మొదటిరోజే అన్నీ రోడ్డు పక్కన వదిలేసేడు. పిల్లనెత్తుకోవాలి గదా. కొండలు ఎక్కినాక నీల్లు నేవు. ఆడికి వాంతులు పట్టుకున్నాయి. రెండు రోజులు నడిసేడు. మూడోనాడు దీన్ని నా సేతికిచ్చి, కూకుండిపోనాడు. మాయమ్మకి అప్పసెప్పమన్నాడు. మరి లెగనేదు."

అత్త పిల్లవైపు తిరిగి అడిగింది. "ఈ పిల్ల తల్లి?"

రాములు నేలవైపు చూశాడు. "బరమా మనిసి. రంగూన్లో పడిన మొదటి బాంబులకే పోయింది. నానూ సిట్టగాంగు ఆసుపత్రిలో రెండు నెలలు పడిపోనాను, అందుకే ఆలిస్యం. నాకూ ఇంటిది పోయింది పెద్దమ్మా. ఉంటే దీన్ని ఉంచుకుందును."

ఇంటి లోపల గంగాభవాని ఏడుస్తున్న చప్పుడు వినబడుతోంది. నాకు ఏడుపు రాలేదు. పిల్లకి మూడేళ్ళు. ఆయన వెళ్ళి నాలుగేళ్ళు. ఈ రెండు అంకెలే నా తలలో తిరిగాయి. రాములు నీళ్ళు తాగి లేచినప్పుడు వీధి వరకూ వెంట వెళ్ళాను.

"అన్నా, నా మాటేమైనా సెప్పీవోడా?"

అతను ఆగాడు. కొంచెం ఎక్కువసేపే ఆగాడు. "సెప్పీవోడు సెల్లెమ్మా," అన్నాడు. "ఎందుకు సెప్పడు?"

నేను వెనక్కి వచ్చేశాను.

శవం లేని కర్మ బావ వచ్చి చేశాడు. పదోనాడు మరిడమ్మ నా గాజులు తీసింది. చిట్లగొట్టకుండా ఒక్కొక్కటే మెల్లిగా తీసి కొంగులో మూట కట్టుకుని, ఏటి వైపు వెళ్ళింది. ఆ పదిరోజులూ పిల్ల గడప దగ్గరే కూర్చుంది. ఎవరూ దాన్ని తిట్టలేదు, ఎవరూ ముట్టుకోలేదు. గంగాభవాని ఆకులో అన్నం పెట్టి ముందుకి జరిపేది. తినేది. తిన్నాక ఆకు తనే తీసి దూరంగా పడేసి వచ్చి మళ్ళీ అక్కడే కూర్చునేది. దానికి మన మాటలు నాలుగైదు తెలుసు. నీల్లు, రా, ఒద్దు, ఏటి. ఆ "ఏటి" అనడం అచ్చు మా ఆయన గొంతులా, చివర కొంచెం సాగదీసి అనేదట. నాకు గుర్తులేదు. అత్త గుర్తుపట్టింది. ఒకరోజు పిల్ల ఆ మాట అనగానే అత్త చెవులు మూసుకుని గోడవైపు తిరిగిపోయింది.

"దీన్ని మొయ్యకపోతే ఆడు బతికీవోడు," అంది ఆ సాయంత్రం. "వట్టి సేతుల్తోటి నడిచినోళ్ళు వచ్చేరా, నేదా?"

 నిజం చెప్పాలంటే నాకూ ఆ పిల్ల ముఖం చూడాలనిపించేది కాదు. చూసినప్పుడల్లా దానిలో నాకు తెలియని ఆడమనిషి కళ్ళు కనబడేవి. అది మెడలో గ్లాసు తీసి పడుకోవడానికి నెల పట్టింది. ఒకనాడు తలుపు పక్కనున్న మేకు చూసి దానికి తగిలించింది. నేను సర్దిన ఇంట్లో తనంతట తాను పెట్టుకున్న వస్తువు అదొక్కటే.

మంచం మాత్రం అలాగే ఉంది. నేను చిప్పల్లో నీళ్ళు పోయడం మానేశాను. అత్త పోసేది.

ఆషాఢంలో ముసురు పట్టింది. మూడోరోజు మధ్యాహ్నానికి మరిడమ్మ చెప్పింది జరిగింది. గచ్చులోంచి నల్లటి జిగురు ఊరడం మొదలెట్టింది. కాళ్ళు అంటుకుంటున్నాయి. గోడల వారనుంచి చీమలు బారులు కట్టి భోషాణం ఇటికలెక్కుతున్నాయి. అత్త మరిడమ్మ ఇంటికి వెళ్ళింది. గంగాభవానికి నెలలు నిండుతున్నాయి, వంగలేదు. తలుపు పక్కన పీటమీద కూర్చుని, "ఆ మూట తియ్యి కొండా, ఆ పెట్టె ముందు లాగు," అని చెబుతోంది. నేను దండెం మీది బట్టలన్నీ దుప్పటిలో మూట కట్టాను. బియ్యం సంచిలోకి తోడాను. గిన్నెలు గోనెలో వేశాను. ఒక్కొక్కటే వసారాలోకి చేరవేస్తున్నాను.

నాలుగో మూట కడుతుంటే కొంగు పట్టుకు లాగినట్టయి వెనక్కి చూశాను. పిల్ల. మేకునున్న గ్లాసు మళ్ళీ మెడలో వేసుకుంది. నా చీర అంచు రెండు గుప్పెళ్ళతో పట్టుకుంది. ఏడవడం లేదు. ముఖం వీధివైపు తిప్పి, వానలోకి చూస్తూ నిలబడింది.

నాకు ముందు అర్థం కాలేదు. గంగాభవానికి అయింది. "బయల్దేరతన్నామనుకుంటందే అది," అంది.

నేను కొంగు విడిపించుకుందామని చెయ్యి వేశాను. ఆ గుప్పెళ్ళు చాలా గట్టిగా ఉన్నాయి. గోళ్ళు తెల్లబడ్డాయి.

"ఎక్కడికీ ఎల్లడం నేదే," అన్నాను.

దానికి తెలియలేదు. మరోసారి అన్నాను. అప్పటికీ వదల్లేదు. అప్పుడు కట్టిన మూట ముడి దాని కళ్ళముందే విప్పాను. బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ దండెం మీద వేశాను. ఒక చేత్తో వేస్తుంటే, కొంగు పట్టుకుని అది నా వెంటే తిరిగింది. సగం మూట అయ్యేసరికి ఒక గుప్పెడు వదిలింది. తాడు దాని తలమీదుగా తీసి గ్లాసు మేకుకి తగిలించాను. రెండో గుప్పెడు అప్పుడు వదిలింది.

ఆ పూటే మంచం విప్పాను. పట్టెలు ఇటికలమీద వరసగా పరిచి, గచ్చుకి జానెడెత్తున మెట్టు చేశాను. గంగాభవాని పురిటికి అక్కడ పరుపు వెయ్యచ్చు. ఆయన పెట్టెలో బట్టలు తీసి మరిడమ్మకి ఇద్దామని పక్కన పెట్టి, దానిలో బియ్యం పోశాను. అత్త వచ్చి గడపలో నిలబడింది. విప్పిన మంచం చూసింది, పెట్టె చూసింది. నేను తిట్లకి సిద్ధపడి ఉన్నాను. అత్త లోపలికి వచ్చి మెట్టు చివర కూర్చుని, "మూత సరిగా ఎయ్యి. సీమలు దూరతాయి," అంది. ఆ రాత్రి అన్నం తినలేదు.

వచ్చిన ఆదివారం బావ వచ్చాడు. పట్నంలో దిక్కులేని పిల్లల్ని చూసే మిషను వాళ్ళున్నారనీ, మాట్లాడి వచ్చాననీ చెప్పాడు. చెడ్డవాడు కాదు మా బావ. రేపో మాపో తనకి బిడ్డ పుడుతుంది. ముగ్గురు ఆడవాళ్ళం, ఒక్కడి జీతం, యుద్ధం ఎప్పుడు అయిపోతుందో తెలీదు.

"తిండి పెడతారు, సదువు సెప్తారు," అన్నాడు. "మన దగ్గరుంటే దాని బతుకేటి? పెద్దయినాక ఎవులడిగినా ఏటని సెప్తాం?"

 గంగాభవాని నావైపు చూసింది. బావతో ఎదురుగా మాట్లాడే అలవాటు నాకు లేదు. ఏదైనా ఉంటే తలుపు వెనకనుంచి గంగాభవానితో అనేదాన్ని, ఆవిడ ఆయనకి చెప్పేది. ఆ పూట తలుపు వెనక కూడా నాకు మాట దొరకలేదు. ఉంచుకోమని గట్టిగా అనడానికి నా మనసు ఒప్పుకోలేదు. పంపెయ్యమనడానికీ ఒప్పుకోలేదు.

"పేరు రాసివ్వాలన్నారు," అన్నాడు బావ. "దీని పేరేటి?"

ఎవరికీ తెలియదు. రాములు పాప అన్నాడు, మేమూ పాప అన్నాం. నెలన్నరనుంచి మా గదిలో తిరుగుతున్న పిల్లని పేరడగాలని ఎవరికీ తోచలేదు.

బావ వంగి అడిగాడు. "పాపా, నీ పేరేటే?" అది బెదిరి వెనక్కి తగ్గింది. గంగాభవాని తన గుండెమీద వేలు పెట్టి "గంగ" అంది. నన్ను చూపించి "కొండ" అంది. తరవాత పిల్ల గుండెమీద వేలు పెట్టింది.

పిల్ల ఆ వేలినే చూస్తూ, మెల్లిగా, పాఠం ఒప్పచెప్పినట్టు అంది. "నూకరత్తం."

బావ నవ్వబోయాడు. "అమ్మ పేరు సెప్తందే. ఇక్కడెక్కడో ఇనుంటాది."

ఎక్కడ వింటుంది? బావ అమ్మా అంటాడు. మరిడమ్మ వదినా అంటుంది. మేమిద్దరం అత్తా అంటాం. కోడళ్ళు అత్త పేరు నోటితో అనకూడదు. ఆ ఇంట్లోకి వచ్చాక ఆ పేరు పైకి పలికిన మనిషి ఒక్కరూ లేరు. బావకి కూడా ఆ సంగతి కాసేపటికి తట్టింది. చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరోపాలి అనమను," అంది అత్త. 

పిల్ల మళ్ళీ అంది.

అత్త లేచి వసారాలోకి వెళ్ళి, చెంబుతో నీళ్ళు తీసుకుని చాలాసేపు ముఖం కడుక్కుంది. లోపలికి వచ్చి, భోషాణం మీద తన పక్కన జాగా ఉంచి, ఒక వారకి జరిగి కూర్చుంది. పిల్లని పిలవలేదు. అది తనంతట తనే వెళ్ళి ఆ జాగాలో ఎక్కి కూర్చుంది. బావ సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం వచ్చినప్పుడు మిషను ఊసెత్తలేదు.

అందరూ ఆ రోజు నేను సంతోషించాననుకున్నారు. నేను పెరటివైపు వెళ్ళి, మరిడమ్మ గోడకి ఆనుకుని, ఆయన పోయిన కబురు వచ్చాక మొదటిసారి ఏడ్చాను. ఎక్కడో సముద్రం అవతల బిడ్డ పుట్టిన రోజున ఆయనకి అమ్మ గుర్తొచ్చింది. ఇల్లు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో నేనున్న సంగతి గుర్తొచ్చిందో లేదో రాములుకి తెలియదు, నాకు తెలియదు, ఇక తెలిసే దారి లేదు. ఆ అనుమానంతోనే ఆ పిల్లకి స్నానాలు పోశాను, జుట్టు పెరిగాక జడలు వేశాను. ప్రేమ ఎప్పుడు కలిసిందో చెప్పలేను. కలిసిన తరవాత కూడా అనుమానం పోలేదు.

శ్రావణంలో గంగాభవానికి కొడుకు పుట్టాడు. దసరా వెళ్ళాక పట్నం తిరిగి వెళ్ళిపోయాం. సామాను మళ్ళీ నేనే సర్దాను. పిల్లని ముందు మరిడమ్మ ఇంట్లో కూర్చోబెట్టి, బళ్ళకి అంతా ఎత్తించాక తీసుకొచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

ఆ తరవాత మా అత్త ఎనిమిదేళ్ళు బతికింది. పిల్లని బళ్ళో వేసినప్పుడు ఆ పేరే రాయించింది. నేను మాత్రం ఆ ఎనిమిదేళ్ళూ దాన్ని పేరు పెట్టి పిలవలేదు. కోడలిని, ఎలా పిలుస్తాను? ఇదిగో అనేదాన్ని, పాపా అనేదాన్ని. అత్త పెద్దదినం అయిన మర్నాడు, చుట్టాలందరూ వెళ్ళిపోయాక, అన్నం వడ్డించి లోపలి గదిలోకి కేకేశాను.

"నూకరత్నం."

జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. వెళ్ళి చూద్దును కదా, అది మంచంమీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, నావైపు జాలిగా చూస్తోంది. నేను పిలిచింది మామ్మననీ, ఆవిడని తలుచుకుని ఏడుస్తున్నాననీ అనుకుందట.